వేడివేడిది పోసినా ఏమీ కాదు

కృష్ణలంకలో అమలమ్మ మొహం తెలియనివాళ్ళు ఉండొచ్చు గానీ గొంతు తెలియనివాళ్ళు లేరు. పొద్దున్నే గోంగూర, తోటకూర, బచ్చలి గంపకెత్తుకుని కరకట్ట పక్క సందుల్లోకి దిగి ఆవిడ ఒక్క కేక వేసిందంటే, మూడో అంతస్తులో పళ్ళు తోముకుంటున్నవాళ్ళు ఆ నురగ నోటితోనే బయటికొచ్చి ఆగమని చెయ్యి ఊపేవాళ్ళు. కొందరు అరిస్తే తిట్టినట్టుంటుంది, కొందరు అరిస్తే ఏడ్చినట్టుంటుంది. అమలమ్మ అరిస్తే మనింటి మనిషి మనల్నే పిలిచినట్టుంటుంది. అది నేర్చుకుంటే వచ్చేది కాదు.

పుట్టింది పామర్రు దగ్గర ఒక పల్లెలో. వాళ్ళమ్మ నాట్ల ముఠాకి పెద్ద. పొలంలో ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఆడవాళ్ళు వంగి నాట్లేస్తుంటే, నారు కట్ట అందించమనాలన్నా, మంచినీళ్ళు తెమ్మనాలన్నా, మాట ఆ చివరికి వినపడాలి. ఆ గొంతే కూతురికొచ్చింది. తాపీ మేస్త్రి సొలొమోనుని చేసుకుని బెజవాడ వచ్చాక పొలాలు పోయాయి, గొంతు మిగిలింది. దాంతోనే ఆకుకూరలమ్మి సంసారం లాక్కొచ్చింది. ఆదివారం గుడిలో బైబిలు పఠనం చదివేదీ ఆవిడే. మైకు పనిచెయ్యని రోజున ఫాదర్ గారు కంగారుపడరు, అమలమ్మ ఉందిగా అంటారు.

ఆ గొంతు ఒకరోజు ఆటోనగర్ జానకిరామ్ గారి చెవిన పడింది. ఆయనకి అక్కడ ప్లాస్టిక్ సామాన్ల ఫ్యాక్టరీ ఉంది. ఫ్యాక్టరీ అంటే మరీ పెద్దదేం కాదు, ఒక రేకుల షెడ్డు, అందులో గోల చేసే రెండు మిషన్లు. ఆయన సరుకుని ఆటోలవాళ్ళు ఎత్తుకుని, బండి చుట్టూ బకెట్లు, మగ్గులు వేలాడదీసుకుని, మైకు పెట్టుకుని సందుసందూ తిరిగి అమ్ముతారు. మైకులో వినిపించడానికి ఒక మంచి గొంతు కావాలని ఆయన ఎన్నాళ్ళుగానో వెతుకుతున్నారు. బంధువుల పని మీద కృష్ణలంక వచ్చి గోంగూర కేక విన్నారు. కారాపి, "అమ్మా, నాక్కావాల్సింది మీ గోంగూర కాదండి, మీ గొంతు" అన్నారు.

ఏం చెప్పాలో ఆయనే రాసి తెచ్చారు. మన్నికైనవి, పగలనివి, వేడిని తట్టుకునేవి, అని. అమలమ్మ అది చదివి మొహం చిట్లించింది.

"ఇదేంటి బాబూ, ఇలా ఎవరు మాట్లాడతారు? తట్టుకోవడమేంటి, దానికేమన్నా కష్టమొచ్చిందా?" అని, మాటలన్నీ తన పద్ధతిలోకి మార్చుకుని, ఆయన ఫోన్లోకి ఒక్క ఊపులో చెప్పేసింది.

"రండమ్మా రండి! బకెట్లు, మగ్గులు, చేటలు, పప్పుల డబ్బాలు, పిల్లల కప్పులు! కిందేసి కొట్టినా పగలదు, ఎండలో పెట్టినా పెళుసెక్కదు, వేడివేడిది పోసినా ఏమీ కాదు తల్లీ!"

జానకిరామ్ గారు మురిసిపోయి ఒక నీళ్ళ డ్రమ్ము బహుమానంగా పంపించారు. ఆ డ్రమ్ము ఇప్పటికీ సొలొమోను కుర్చీ పక్కనే ఉంది.

మన జనానికి 'ఏమీ కాదు' కన్నా ఇష్టమైన మాట ఇంకోటి లేదు. బండి మీద నలుగురెక్కినా ఏమీ కాదు. నిన్నటి చేపల పులుసు ఇవాళ తిన్నా ఏమీ కాదు, పైగా రుచి. కరెంటు తీగ వేలాడుతుంటే పక్కకి తప్పుకు పోతే ఏమీ కాదు. ఎవరైనా ఈ మాట అంటే చాలు, మనకి గుండె నిబ్బరం వచ్చేస్తుంది. అదీ అమలమ్మ గొంతులో, చివర 'తల్లీ' అని తగిలించి అంటే ఇక చెప్పేదేముంది. మిగతా మాటలు ఎవరికీ గుర్తులేవు. ఆ ఒక్క ముక్కా పిల్లలు కూడా పాడుకుంటూ తిరిగారు. ఆటోలవాళ్ళు ఒకరి ఫోన్లోంచి ఒకరు ఎక్కించుకున్నారు. జానకిరామ్ గారి సరుకు అమ్మనివాళ్ళు కూడా ఆ కేకని ఎత్తుకుపోయారు. పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అన్నారా? అమలమ్మ చుట్టపుచూపుగా గుడివాడ వెళ్తే ఆ కేకే అక్కడ ఎదురైంది, బందరులో పెళ్ళికి వెళ్తే అక్కడా ఎదురైంది.

అమలమ్మకి లోపల్లోపల గర్వంగానే ఉండేది. సొలొమోను మాత్రం, "ఇంట్లో ఒకటి చాలదన్నట్టు వీధిలో ఇంకోటి. ఎక్కడికి పారిపోను?" అనేవాడు. మోకాళ్ళు అరిగిపోయి గుమ్మం దాటలేని మనిషి పారిపోవడం గురించి మాట్లాడితే ఆవిడకి నవ్వొచ్చేది.

ఒక మధ్యాహ్నం ఆవిడ గుమ్మంలో కూర్చుని గోంగూర వలుస్తుంటే, అదే సందులో ఉండే మాణిక్యమ్మ వచ్చింది. మాణిక్యమ్మ అంగన్‌వాడీలో ఆయా. నోట్లో మాట దాచుకోవడం తెలియని మనిషి. ఆ రోజు మాత్రం ఏమీ అనకుండా పక్కన కూర్చుని, చీర కొంగులోంచి ఒక ఎర్ర కప్పు తీసి అమలమ్మ ముందు పెట్టింది. జానకిరామ్ గారి కప్పే. బయటంతా ఎర్రగా నిగనిగలాడుతోంది, లోపల అడుగున మాత్రం తెల్లబారి, పొక్కు లేచినట్టుంది.

"స్టీలు గ్లాసుల్లో వేడి పాలు పోస్తే పిల్లల చేతులు కాలుతున్నాయని ఇవి కొన్నానొదినా" అంది మాణిక్యమ్మ. "పిడి ఉందిగా, పట్టుకుంటారని. రెండు రోజుల్నుంచి ఒకటే సంబరం, ఆయమ్మా రోజ్ మిల్క్ ఇచ్చింది, రోజ్ మిల్క్ ఇచ్చింది అని. నేను వీళ్ళేదో ఆటాడుకుంటున్నారనుకున్నా. ఇవాళ ఒక పిల్లాడు సగం వదిలేస్తే వంగి చూశా. పాలు గులాబీ రంగులో ఉన్నాయి."

అమలమ్మ చేతిలో గోంగూర చేతిలోనే ఉండిపోయింది.

"తాగేశారా?"

"తాగరా మరి? ఇంకా పొయ్యమన్నారు కూడా." మాణిక్యమ్మ తిట్టినట్టు కాకుండా, ఉన్న సంగతి చెప్పినట్టు అంది. "కొనేటప్పుడు టీచరమ్మ అడిగింది, వేడి పాలు పోస్తాం కదా, ఫర్వాలేదా అని. మా అమలమ్మొదిన చెబుతోందిగా, ఏమీ కాదని, అన్నాను."

ఇద్దరూ వేడినీళ్ళు పోసి చూశారు. కాసేపటికి నీళ్ళు లేత గులాబీ రంగుకి తిరిగాయి, పైన నూనె మరకలాంటి తెట్టు కట్టింది, టైరు కాల్చినప్పటి వాసనొచ్చింది. పిల్లలకి జబ్బేమీ చెయ్యలేదు. మాణిక్యమ్మ కప్పులన్నీ తీసి పక్కన పడేసి మళ్ళీ స్టీలు గ్లాసులే దించింది. అంతటితో ఊరుకునేవాళ్ళు ఊరుకోవచ్చు. కానీ ఆ సాయంత్రం, వాళ్ళ సందులో ఆ సరుకమ్మే దుర్గాప్రసాద్ ఆటో వచ్చి, మైకులో తన గొంతే తనకి వినపడుతుంటే, అమలమ్మకి మొదటిసారి చెవులు మూసుకోవాలనిపించింది. ఆ ముక్క నమ్మి ఇంకెన్ని ఇళ్ళలో పాలు పోస్తున్నారో అనుకుంది.

మర్నాడు దుర్గాప్రసాద్ ఆటోలోనే ఆటోనగర్ వెళ్ళింది. దుర్గాప్రసాద్ ఆవిడని పిన్నీ అంటాడు. విషయం విని, "నేను అమ్మేవాణ్ణి పిన్నీ, చేసేవాణ్ణి కాదు" అన్నాడు గానీ, తీసుకెళ్ళకుండా ఉండలేదు.

షెడ్డు ముందు గుట్టలుగా పడుంది పాత సామాను. విరిగిన కుర్చీలు, రంగు డబ్బాలు, పగిలిన బకెట్లు, ఏదో ఆఫీసువాళ్ళు పారేసిన కంప్యూటరు పెట్టెలు. ఆ గుట్టలో తెల్ల డబ్బాలు కొన్ని చూసి అమలమ్మ ఆగిపోయింది. అవి పురుగుమందు డబ్బాలు. వరి పొలాల గట్ల మీద ఎక్కడ చూసినా దొర్లే రకం. ఎంత కడిగినా పోదు ఆ వాసన. చిన్నప్పుడు వాళ్ళమ్మ వాటిని కర్రతో తోసేది తప్ప చేత్తో ముట్టుకోనిచ్చేది కాదు. ఇక్కడ అన్నీ కలిపి ముక్కలు చేసి, కరిగించి, రంగేసి, ఇటువైపు నుంచి నిగనిగలాడే కప్పులు తీస్తున్నారు.

జానకిరామ్ గారు మర్యాదస్తులు. కుర్చీ వేయించారు, టీ తెప్పించారు. చెప్పిందంతా విన్నారు.

"కొత్త ముడిసరుకుతో చేస్తే ఈ రేటుకి రాదమ్మా. బజారంతా ఇంతే. నేను మానేస్తే ఇంకొకడు చేస్తాడు" అన్నారు. అన్నాక, కాస్త ఇబ్బందిగా, "ఇంకో మాట. ఏమీ అనుకోకండి. నేను రాసిచ్చింది 'వేడిని తట్టుకుంటుంది' అని. అది డబ్బా సంగతి. డబ్బా తట్టుకుందా లేదా? కరిగిపోలేదుగా. 'ఏమీ కాదు తల్లీ' అన్నది మీరేనమ్మా."

ఆయనన్నది నిజం. ఆయన డబ్బాకి ఏమీ కాదన్నారు, తను మనిషికి ఏమీ కాదనేసింది. మాట అందంగా ఉందని అనేసింది తప్ప ఎవరికి ఏమీ కాదో ఆలోచించలేదు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని పిల్లలకి చెప్పే మనిషి ఆవిడే.

"ఒప్పుకుంటాను బాబూ, ఆ తప్పు నాదే" అంది చివరికి. "నా తప్పు నేను దిద్దుకుంటాను. మీది మీరు దిద్దుకోండి. బకెట్లు చేసుకోండి, కుర్చీలు చేసుకోండి, ఎవరొద్దన్నారు? నోట్లోకెళ్ళేవాటికి మాత్రం ఈ సరుకు వాడకండి. కప్పులూ డబ్బాలూ ఆపెయ్యండి."

"చూద్దాం లేమ్మా" అన్నారు జానకిరామ్ గారు.

చూద్దాం అంటే చూడం అని అర్థం. ఇది మన దేశంలో పుట్టినవాళ్ళకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. ఇంతలో ఆయన ఇంటి నుంచి మధ్యాహ్నం భోజనం వచ్చింది. నాలుగు గిన్నెల స్టీలు క్యారేజీ, తళతళలాడుతూ. అమలమ్మ దాని వంక చూసింది. చూసి ఊరుకుంది. ఆయన ఆ క్యారేజీని బల్ల మీంచి తీసి కింద పెట్టుకున్నారు.

తిరిగొచ్చాక సొలొమోను అడిగాడు, ఏమన్నాడని.

"చూద్దామన్నారు."

"అయితే అయిపోయినట్టే."

"అవ్వలేదు" అంది అమలమ్మ.

మరుసటి పొద్దున నుంచి ఆవిడ గంప నెత్తిన పెట్టుకుని దుర్గాప్రసాద్ ఆటో పక్కనే నడవడం మొదలుపెట్టింది. మైకులోంచి తన గొంతు వస్తుంది, 'వేడివేడిది పోసినా ఏమీ కాదు తల్లీ' అని. అది ఇంకా ఆగకముందే ఆవిడ పక్కనుంచి అదే గొంతుతో, అదే ఊపుతో అందుకుంటుంది.

"డబ్బాకి ఏమీ కాదు తల్లీ, తాగే పిల్లల సంగతి నాకు తెలియదు! బకెట్లు కొనుక్కోండి, చేటలు కొనుక్కోండి, కప్పులు మాత్రం కొనకండి తల్లీ!"

మొదటి రోజు జనం తికమకపడ్డారు. మైకుకి బుద్ధొచ్చి దాని మాట అదే వెనక్కి తీసుకుంటోందేమో అనుకున్నారు కొందరు. కిటికీల్లోంచి తొంగిచూస్తే ఆకుకూరల గంప కనపడేది. దుర్గాప్రసాద్ కుయ్యో మొర్రో అన్నాడు.

"పిన్నీ, నా కడుపు మీద కొడతావా?"

"నీ కడుపు జోలికి నేనొస్తానా? నీ బకెట్లన్నీ నేనమ్మిపెడతాను చూడు."

అన్నంత పనీ చేసింది. గోంగూర కోసం ఆగినవాళ్ళ చేత చేటలు కొనిపించింది. వారం తిరగకుండా దుర్గాప్రసాద్ తనంతట తనే కప్పులు ఎక్కించుకోవడం మానేశాడు. అమ్ముడుపోనివి మోసుకు తిరగడమెందుకని. డ్వాక్రా మీటింగులో మాణిక్యమ్మ ఆ తెల్లబారిన కప్పు పట్టుకుని లేచి నిలబడి, రోజ్ మిల్క్ కథ చెప్పింది. ఆ కథ ఒక గ్రూపు నుంచి ఇంకో గ్రూపుకి పాకి, పటమట దాకా వెళ్ళింది. ఆటో ఆగితే చాలు, ఇది దేంతో చేశారయ్యా అని ఆడవాళ్ళు అడగడం మొదలుపెట్టారు. చెప్పలేక ఆటోలవాళ్ళు కప్పులూ డబ్బాలూ మూటలు కట్టి ఫ్యాక్టరీకి తిప్పి పంపించారు.

అందరూ విన్నారని చెప్పను. మేడ మీద సంపూర్ణమ్మ గారైతే రెయిలింగు మీద మోచేతులాన్చి, "ఇన్నాళ్ళూ వాటిల్లోనే కాఫీ తాగానే అమలా. ఏమైంది? గుండ్రాయిలా ఉన్నా. ఏమీ కాదులే" అంది. ఎన్నిసార్లు చెప్పినా అదే మాట. తను నేర్పిన మాటే తనకి తిరిగి తగులుతుంటే అమలమ్మకి ఏడుపొచ్చేది. గుడివాడలోనూ బందరులోనూ ఆ పాత కేక ఇంకా తిరుగుతూనే ఉంటుందని, దాన్ని ఇక ఎవరూ పట్టి తేలేరని కూడా ఆవిడకి తెలుసు. రోజూ అరిచి అరిచి గొంతు బొంగురుపోయి, ఒక ఆదివారం గుడిలో పఠనం చదవలేకపోయింది కూడా.

కార్తీక మాసం చలి మొదలయ్యే రోజుల్లో జానకిరామ్ గారే సందులోకి వచ్చారు. సొలొమోను లేవబోతే వద్దని వారించి, డ్రమ్ము పక్కన స్టూలు మీద కూర్చున్నారు.

"కప్పులు ఆపేశానమ్మా. పప్పుల డబ్బాలు కూడా. వాటి అచ్చులు మిషన్ల మీంచి దింపేసి పక్కన పెట్టించాను. ఇక పాత ప్లాస్టిక్‌తో బకెట్లు, మగ్గులు, కుర్చీలు, అంతే."

అమలమ్మ ఆయన మొహంలోకి చూసింది. "సరుకు వెనక్కొచ్చిందనా?"

"అందుకే అనుకోండి" అన్నారాయన. నేల చూపులు చూస్తూ, "ఆ రోజు మీరు నా క్యారేజీ వంక చూశారు. ఒక్క మాటంటే బాగుండేదమ్మా. అనలేదు. అప్పట్నుంచి అది విప్పినప్పుడల్లా మీరే గుర్తొస్తున్నారు" అన్నారు.

సొలొమోను చిన్నగా దగ్గాడు. ఆవిడ చూపుల బాధ అతనికి కొత్త కాదు.

"ఇప్పుడొక సాయం చెయ్యాలి మీరు" అన్నారు జానకిరామ్ గారు. "జనం నా బకెట్లని కూడా అనుమానంగా చూస్తున్నారు. మళ్ళీ మీ గొంతుతో ఒక్కసారి చెప్పండి. ఈసారి ఉన్నదున్నట్టే చెబుదాం. తినేవి పోయొద్దనీ, పాత కప్పులు తిరిగిచ్చెయ్యమనీ."

కోరుకున్నదదే కదా, ఎగిరి గంతేస్తుందనుకున్నాడు సొలొమోను. అమలమ్మ తల అడ్డంగా ఊపింది.

"మీరే చెప్పండి బాబూ."

"నేనా? నా గొంతు ఎవరు వింటారమ్మా? మా ఇంట్లోనే వినరు."

"నేను చెబితే నమ్ముతారండి. అదే వచ్చింది చిక్కు. మీ గుట్టలో ఏముందో నాకు తెలియకుండానే చెప్పాను, వాళ్ళు నమ్మారు. రేపు మీరు ఆ అచ్చులు మళ్ళీ ఎక్కించారనుకోండి, నాకు తెలుస్తుందా? తెలియదు. ఎవరికి తెలుసో వాళ్ళు చెప్పాలి."

జానకిరామ్ గారు తన గొంతే రికార్డు చెయ్యడానికి ఫోను తీశారు.

అదొక తమాషా. 'వినియోగదారులకు విజ్ఞప్తి' అని మొదలుపెట్టారు. విజ్ఞప్తులు మున్సిపాలిటీవాళ్ళు చేస్తారు, మీరు మనుషులతో మాట్లాడండి, అంది అమలమ్మ. రెండోసారి ఆయన గొంతు పెంచితే కీచుమంది. సొలొమోను నవ్వాపుకోలేక మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. చివరికి ఎవరి వంకా చూడకుండా, కళ్ళు మూసుకుని ఆయన చెప్పారు.

"నా పేరు జానకిరామ్ అండి. ఈ సామాన్లు చేసేది నేనే. బకెట్లు, మగ్గులు తీసుకోండి. పాత ప్లాస్టిక్ కరిగించి చేసినవండి ఇవి, తినేవీ తాగేవీ వీటిలో పెట్టకండి. ఇదివరకు ఇదే సరుకుతో కప్పులు, డబ్బాలు చేసి... మీకు అమ్మాను. మీ ఇంట్లో ఉంటే ఇచ్చెయ్యండి. బదులు బకెట్ ఇస్తాం."

'అమ్మాను' అనే ముందు ఆయన ఆగారు. అది తీసేసి మళ్ళీ చెబుతానన్నారు. వద్దంది అమలమ్మ.

రెండు రోజుల తర్వాత దుర్గాప్రసాద్ ఆటో ఆ కొత్త గొంతుతో సందులోకొచ్చింది. జనం నవ్వారు. ఎవరో పిల్లలు అప్పుడే అనుకరించడం మొదలుపెట్టారు. మేడ మీంచి సంపూర్ణమ్మ గారు వంగి, "ఎవరిదయ్యా ఆ గొంతు? చెవుల్లో గీరినట్టుంది" అని అడిగింది.

"ఓనరు గారిదండి" అన్నాడు దుర్గాప్రసాద్.

"ఎవరూ, చేసినాయనే?"

"ఆయనేనండి."

ఆవిడ ఇంకోసారి పూర్తిగా వింది. ఆయన ఆగిన చోటుతో సహా విని, లోపలికి వెళ్ళింది. కాసేపటికి మేడ మీంచి తాడుకి కట్టిన బుట్ట దిగింది. అందులో కాఫీ కప్పులు, వాటి కింద పప్పుల డబ్బాలు, అడుగున ఊరగాయ డబ్బా కూడా, ఊరగాయ ఖాళీ చేసి, కడిగి.

ఇన్నాళ్ళూ గొంతు చించుకున్నా కదలని మనిషి, ఆ కీచు గొంతుకి కదిలిందని అమలమ్మకి కాస్త ఉక్రోషమొచ్చింది. ఆ వెనకే గుండెలోంచి పెద్ద బరువేదో దిగిపోయినట్టయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పక్కింటావిడ కూడా ఎర్ర కప్పులు చేతిలో పట్టుకుని మెట్లు దిగుతోంది. అమలమ్మ గంప నెత్తికెత్తుకుని, ఆటో పక్కన నడవకుండా, పక్క సందులోకి తిరిగింది. చాలా రోజుల తర్వాత ఒట్టి గోంగూర కోసమే కేకేసింది.